పాత టికీ రెస్టారెంట్ బేస్‌మెంట్‌లోకి దిగే ముందు

హాలోవీన్ దగ్గరపడుతుంటే అమెరికాలో ఉంటున్న మన పాఠకుల నుంచి దయ్యాల టూర్ల మీద ఉత్తరాలు వస్తాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు పాత టికీ రెస్టారెంట్ల, అంటే పసిఫిక్ దీవుల్లో ఉన్నట్టు అలంకరించిన హోటళ్ళ, బేస్‌మెంట్ టూర్ల గురించే. అందుకే ఈ సంచికలో పేజీ మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: మా ఊళ్ళో 1960ల నాటి టికీ రెస్టారెంట్ ఒకటుంది. హాలోవీన్‌కి ముందు దాని బేస్‌మెంట్‌లోకి టూర్ పెడుతున్నారు. పైన చాలాసార్లు భోంచేశాం గానీ కింద ఏముంటుందో ఎప్పుడూ చూడలేదు. మావారేమో దయ్యాల పేరుతో డబ్బులు గుంజుతారు, వద్దంటున్నారు. వెళ్ళొచ్చంటారా?
– ఒక పాఠకురాలు, ఒహాయో

తప్పకుండా వెళ్ళండి. దయ్యాల కోసం మాత్రం కాదు, ఆ రెస్టారెంట్ ఎలా పనిచేసేదో చూడ్డానికి వెళ్ళండి. మీవారిని కూడా తీసుకెళ్ళండి, ఆయనకే ఎక్కువ నచ్చుతుందేమో.

టికీ రెస్టారెంట్ అంటే మొదటి నుంచీ ఒక నాటకం సెట్టింగే. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేసిన రోజుల్లో ఎర్నెస్ట్ గాంట్ అనే ఆయన హాలీవుడ్‌లో చిన్న బార్ తెరిచి, వెదుళ్ళు, వలలు, ఓడల నుంచి దొరికిన సామాను వేలాడదీసి, రకరకాల రమ్ములు కలిపి అమ్మాడు. అదే డాన్ ద బీచ్‌కోంబర్. తర్వాత ఆయన తన పేరే డాన్ బీచ్ అని మార్చేసుకున్నాడు. ఓక్లండ్‌లో విక్టర్ బర్జరాన్ 1934లో పెట్టిన హోటలు ఆ తర్వాత ట్రేడర్ విక్స్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళొచ్చిన సైనికులు, 1959లో హవాయి రాష్ట్రం అవ్వడం, కొత్తగా విమాన ప్రయాణాలు, అన్నీ కలిసొచ్చి ఇరవై ఏళ్ళకి పైగా ఈ రెస్టారెంట్లు ఊరూరా వెలిశాయి. బయట మంచు పడుతున్నా లోపల కూర్చున్నవాళ్ళకి తాము ఎక్కడో దీవిలో ఉన్నామని అనిపించాలి. అందుకే కిటికీలు ఉండవు, ఉన్నా పగటి వెలుతురు రానివ్వరు. లండన్ హిల్టన్‌లో 1963లో, మ్యూనిక్‌లోని బైరిషర్ హోఫ్ హోటల్లో 1971లో తెరిచిన ట్రేడర్ విక్స్‌లైతే ఏకంగా బేస్‌మెంట్‌లోనే పెట్టారు.

ఆ దీవిని నడిపించాలంటే నీళ్ళు పంపు చెయ్యాలి, ఉరుము వినిపించాలి, దీపాలు మెల్లగా మసకబారాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫెయిర్‌మాంట్ హోటల్ కింది అంతస్తులో ఉన్న టోంగా రూమ్ చూడండి. 1929లో కట్టిన ఈతకొలను అది, 1945లో సినిమా సెట్లు వేసే ఆయన చేత టికీ బార్‌గా మార్పించారు, బ్యాండ్ వాళ్ళు ఆ నీళ్ళలో తేలే పడవ మీద పాడతారు, మధ్యమధ్య ఉరుములతో వాన కురుస్తుంది. ఇంత హంగు లేని చోట కూడా ఒక చిన్న జలపాతమో, కిటికీ అద్దం మీద జారే వానో ఉండేది. దాని పంపు, పైపులు, వైర్లు, పెద్ద కూలర్ గది, సరుకు పైకి పంపే చిన్న లిఫ్టు, ఇవన్నీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, చాలాచోట్ల అది బేస్‌మెంటే. టూర్‌లో గైడ్ దయ్యం కథ మొదలుపెట్టినప్పుడు మీరు తల పైకెత్తి సీలింగ్ కింద పోయే పైపుల్ని చూడండి, ఏ పైపు ఎటు పోతోందో అడగండి. ఏళ్ళ తరబడి అక్కడ పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ ప్రశ్నకి వాళ్ళ ముఖం వెలిగిపోతుంది.

ఇంకో సంగతి. ఈ రెస్టారెంట్లని నిలబెట్టిన చేతులు ఎక్కువగా వలస వచ్చినవాళ్ళవి. వంటింట్లో చాలాచోట్ల చైనా వాళ్ళు, బార్‌లో ఫిలిప్పీన్స్ వాళ్ళు. డాన్ బీచ్ తన రెసిపీలు ఎవరూ ఎత్తుకుపోకుండా సీసాల మీద అసలు పేర్లు రాయించకుండా సంకేతాలు పెట్టించేవాడు, కలిపేవాళ్ళకి కూడా లోపల ఏముందో తెలిసేది కాదు. అలా పేరు పెట్టిన ‘డాన్స్ మిక్స్’ (డాన్ గారి మిశ్రమం) అనేది గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పెద్ద పుల్లటి నారింజజాతి పండు) రసంలో దాల్చినచెక్క పాకం కలిపిందని ఎన్నో దశాబ్దాల తర్వాత, అక్కడ పనిచేసిన ఒకాయన దాచుకున్న పాత నోటుపుస్తకం వల్ల బయటపడింది. అక్కడే పనిచేసిన ఫిలిప్పీన్స్ మనిషి రే బ్యూహెన్ 1961లో లాస్ ఏంజెలెస్‌లో టికీ-టీ అని సొంత బార్ పెట్టుకున్నాడు, ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. బేస్‌మెంట్ గోడ మీద పాత డ్యూటీ పట్టికో, సీసాలకి అంటించిన చేతిరాత చీటీయో కనిపిస్తే అక్కడ ఆగండి. నాకైతే ఏ దయ్యం కథ కన్నా అది విలువైనది.

వాయిదా కూడా వెయ్యకండి. మీ రాష్ట్రంలోనే కొలంబస్‌లో కహికీ అని మహా పెద్ద టికీ రెస్టారెంట్ ఉండేది, 1961లో కట్టారు, గుమ్మం దగ్గర తల మీద మంటలు వచ్చే రెండు పెద్ద విగ్రహాలు, లోపల వాన. 1997లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చారు. అయినా 2000లో మూసేసి, కూల్చేసి, ఆ స్థలంలో మందుల షాపు కట్టారు. ఆ పట్టికలో పేరుంటే ఇక ఎవరూ ముట్టుకోరని చాలామంది అనుకుంటారు గానీ, యజమాని సొంత డబ్బుతో కూల్చుకుంటే ఆ పట్టిక ఆపలేదు. డెట్రాయిట్‌లోని చిన్ టికీ 1980లో మూతపడి, లోపలి అలంకారాలు అలాగే ఉండగా ఏళ్ళ తరబడి తాళం వేసి ఉండిపోయింది, చివరికి 2009లో అదీ పోయింది. మీరు కట్టే టికెట్ డబ్బులు అలాంటి భవనం మరమ్మతులకి పోతాయంటే గుంజుడు అనడం న్యాయం కాదు.

ప్రశ్న: మేం ఇలాంటి టూర్‌కే వెళ్ళాం. బాయిలర్ పక్కన ఒక మూల గదిలో నిలబడగానే ఒళ్ళు జలదరించింది, వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంది. ఒకప్పటి వంటమనిషి ఆత్మ అక్కడే తిరుగుతుందని గైడ్ చెప్పాడు. నేను ఇలాంటివి నమ్మను, కానీ ఆ అనుభవం మాత్రం నిజం. పైకి వచ్చాక కాసేపు తలనొప్పి కూడా ఉంది. ఏమిటది?
– ఒక పాఠకుడు, మిచిగన్

మీకు కలిగిన అనుభవం నిజమే, దాన్ని ఎవరూ కొట్టిపారెయ్యకూడదు. దానికి కారణం మాత్రం గైడ్ చెప్పిందే అవ్వాలని లేదు.

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు పనిచేసే ల్యాబ్‌లో దయ్యం ఉందని అందరూ అనుకునేవాళ్ళు. ఒక రాత్రి ఆయనకి కూడా చెమటలు పట్టాయి, పక్కన బూడిదరంగు ఆకారం కదిలినట్టు కనిపించింది, తిరిగి చూస్తే ఏమీ లేదు. మర్నాడు తన కత్తిసాము పోటీ కోసం అక్కడికి తెచ్చుకున్న కత్తిని బిగించి పెడితే, దాని అంచు తనంతట తానే అదరడం మొదలుపెట్టింది. వెతగ్గా వెతగ్గా కొత్తగా బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గర తేలింది. అది మన చెవికి అందని, సెకనుకి దాదాపు 19 కంపనాల శబ్దాన్ని పుట్టిస్తోంది. ఫ్యాన్ బిగింపు మార్చగానే అంతా పోయింది. ఇది 1998లో ప్రచురించాడు. ఆ తర్వాత అదే ఊళ్ళో 14వ శతాబ్దపు నేలమాళిగలో కూడా ఇలాంటి శబ్దాన్నే కొలిచాడు. అన్ని దయ్యాలకీ ఇదే కారణమని శాస్త్రవేత్తలందరూ ఒప్పుకోలేదు, తర్వాత చేసిన ప్రయోగాల్లో అంత బలంగా తేలనూ లేదు. కానీ కంప్రెసర్లు, పాత ఫ్యాన్లు, పంపులు పనిచేసే చోట ఒంటికి తెలిసీ తెలియని అదురు ఉంటుందన్నది మాత్రం ఎవరైనా చేత్తో గోడ ముట్టుకుని చూసుకోవచ్చు.

మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరోలోని సౌత్ బ్రిడ్జ్ కింద ఉన్న పాత గదుల్లోకి జనాన్ని పంపించి ఎవరికి ఎక్కడ ఏమనిపించిందో రాయించింది. దయ్యాలున్నాయని పేరుపడ్డ గదుల్లోనే ఎక్కువమందికి వింత అనుభవాలు కలిగాయి, ఆ పేరు ముందే తెలిసినా తెలియకపోయినా. దానికి గది పరిమాణంతో, ఎత్తుతో, బయట ఉన్న వెలుతురుతో సంబంధం కనిపించింది. అంటే కొన్ని గదులే మనిషిని అప్రమత్తం చేస్తాయి. వెలుతురులోంచి చీకట్లోకి ఒక్కసారిగా వచ్చాం, సీలింగ్ తల మీదికి వచ్చినట్టుంది, ఏ మూల ఏముందో కనబడదు, పక్క కూలర్ గది తలుపు సందులోంచి చల్లగాలి కాళ్ళకి తగులుతోంది. ఇలాంటప్పుడు వెనక ఎవరో ఉన్నారని మనసు అనుకోవడం మన రక్షణ కోసమే. వంటమనిషి కథ గదిలోకి వెళ్ళే ముందు చెప్పాడా, వెళ్ళాక చెప్పాడా అన్నది కూడా ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

నాకు అసలు టెన్షన్ మీ తలనొప్పి గురించి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీరు బాయిలర్ పక్కన నిలబడ్డానన్నారు. సరిగ్గా మండని బాయిలర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు, మొదట వచ్చేది తలనొప్పే. 1921లో అమెరికాలో విల్మర్ అనే కళ్ళ డాక్టరు ఒక కుటుంబం గురించి రాశాడు. పాత ఇంట్లోకి మారాక వాళ్ళకి అడుగుల చప్పుళ్ళు వినబడేవి, మనుషులు కనబడేవాళ్ళు, పిల్లలు పాలిపోయారు, ఇంట్లో మొక్కలు ఎండిపోయాయి. చివరికి చూస్తే ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పాడై, దాని పొగ ఇంట్లోకే వస్తోంది. దాన్ని బాగుచేయించాక దయ్యాలు మళ్ళీ రాలేదు.

రెస్టారెంట్ బేస్‌మెంట్‌లో ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి చాలామందికి తెలీదు. సోడా, బీరు యంత్రాలకి వాడే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు చాలాచోట్ల కిందే పెడతారు. ఆ వాయువు గాలి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేలబారునే పేరుకుంటుంది, పైన భోంచేసేవాళ్ళకి ఏమీ తెలీదు. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటు 5,000 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 5,000 వంతులు) దాటకూడదని అమెరికా నియమం, 40,000 పీపీఎం అయితే అప్పటికప్పుడు ప్రాణానికే ప్రమాదం. ఇళ్ళలో పెట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం దీన్ని పసిగట్టలేదు, దీనికి వేరే అలారం కావాలి. ఊపిరి భారంగా ఉన్నా, తల తిరిగినా, తల నొప్పి మొదలైనా అందరూ వెంటనే పైకి వచ్చెయ్యండి, 911కి ఫోన్ చెయ్యండి. ఎవరైనా కింద పడిపోయినా తీసుకురావడానికి మళ్ళీ దిగకండి, అలా దిగినవాళ్ళే రెండో బాధితులు అవుతారు. మీతో వచ్చినవాళ్ళలో ఇంకెవరికైనా తలనొప్పి వచ్చిందేమో ఈరోజే కనుక్కోండి. వచ్చి ఉంటే ఆ రెస్టారెంట్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, వాళ్ళు పట్టించుకోకపోతే ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పండి. రోజూ అక్కడ పనిచేసేవాళ్ళ ప్రాణాల సంగతి అది.

ప్రశ్న: ఫ్లోరిడాలో మై-కై చాలా ఫేమస్ కదా, దాని బేస్‌మెంట్ టూర్ ఉంటుందా?
– ఒక పాఠకుడు, టాంపా

మై-కై ఉన్న ఫోర్ట్ లాడర్‌డేల్ ప్రాంతంలో కొంచెం తవ్వితే చాలు నీళ్ళు పడతాయి, అందుకే దక్షిణ ఫ్లోరిడాలో బేస్‌మెంట్లు చాలా అరుదు. మీరు బేస్‌మెంట్ కోసం కాకుండా మై-కై కోసమే వెళ్ళండి. 1956 డిసెంబరులో మొదలైంది, 2020లో వానకి కప్పు దెబ్బతిని మూతపడి, బోలెడు పనులు చేయించాక 2024లో మళ్ళీ తెరిచారు. పాత టికీ రెస్టారెంట్లలో ఇంత పెద్దది ఇంత బాగా మిగలడం అదృష్టం.

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రెండ్స్‌తో ఇలాంటి టూర్‌కి వెళ్తానంటోంది. దయ్యాల సంగతి నేను పట్టించుకోను. ఒకటే మెట్లదారి, చుట్టూ వెదురు, ఎండుగడ్డి, చీకటి, గుంపుగా జనం. మంట అంటుకుంటే ఎలా అన్నదే నా భయం. అనవసరంగా కంగారు పడుతున్నానా?
– ఒక తల్లి, మసాచుసెట్స్

లేదమ్మా, ఇన్ని ఉత్తరాల్లో అడగాల్సిన ప్రశ్న అడిగింది మీరే. మీ రాష్ట్రంలోనే, బోస్టన్‌లో, 1942 నవంబరు 28 రాత్రి కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ కాలిపోయింది. టికీ రెస్టారెంట్ కాదు గానీ అలంకారం ఆ బాపతే, కృత్రిమ కొబ్బరిచెట్లు, సీలింగ్‌కి బట్ట. మంట మొదలైంది బేస్‌మెంట్‌లోని మెలడీ లౌంజ్‌లో, అలాంటి ఒక చెట్టు దగ్గర. అక్కడి నుంచి పైకి జనం వెళ్ళే మెట్లు ఒకటే, ఆ మెట్ల పైన ఉన్న అత్యవసర తలుపుకి తాళం. నిమిషాల్లో మంట పై అంతస్తుకి చేరింది, ముఖద్వారంలో గుండ్రంగా తిరిగే తలుపు జనం తోపులాటకి ఇరుక్కుపోయింది. 460 మందికి అనుమతి ఉన్న చోట దాదాపు వెయ్యిమంది ఉన్నారు. 492 మంది చనిపోయారు. మంట ఎలా అంటుకుందో అధికారికంగా ఇప్పటికీ తేలలేదు.

ఆ తర్వాతే తిరిగే తలుపు పక్కన బయటికి తెరుచుకునే మామూలు తలుపులు ఉండాలని, అలంకారాలు త్వరగా అంటుకునేవి కాకూడదని, కరెంటు పోయినా వెలిగే దీపాలు ఉండాలని నియమాలు గట్టిపడ్డాయి. కాబట్టి మీ అమ్మాయిని ఆపక్కర్లేదు, టూర్ నడిపేవాళ్ళకి ముందే ఫోన్ చేసి అడగండి. కింద నుంచి బయటికి రెండో దారి ఉందా, దానికి టూర్ జరిగేటప్పుడు తాళం తీసి ఉంచుతారా, ఒక్కసారి ఎంతమందిని దింపుతారు, కొవ్వొత్తులో కాగడాలో వెలిగిస్తారా. నిప్పుతో చీకటి బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్తామంటే నేనైతే పంపను. రెండో దారి గురించి తడుముకుంటే అప్పుడూ పంపను. బాధ్యతగా నడిపేవాళ్ళకి ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు.

ప్రశ్న: బేస్‌మెంట్‌లో దుమ్ము పట్టిన టికీ మగ్గులు గుట్టలుగా ఉన్నాయి. ఎవరూ వాడడం లేదు. ఒకటి తెచ్చుకుంటే తప్పా?
– ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

అడగకుండా తెస్తే దొంగతనమే. అడిగితే కొన్నిసార్లు అమ్ముతారు. అడుగున రెస్టారెంట్ పేరు అచ్చువేసి ఉన్న పాత మగ్గుల కోసం సేకరించేవాళ్ళు మంచి ధర పెడతారు, అందుకే యజమానులు కూడా ఇప్పుడు జాగ్రత్తపడుతున్నారు. కొనుక్కుంటే అలమారలో పెట్టుకోండి, అందులో పోసుకుని తాగకండి, పాత పింగాణీ పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది. వెదురు సామాను కూడా కొనేటట్టయితే చిన్న చిన్న రంధ్రాలు, వాటి కింద మెత్తటి పిండిలాంటి పొడి ఉన్నాయేమో చూడండి. ఉంటే లోపల పురుగు పనిచేస్తోందని అర్థం, ఇంట్లోకి తేవద్దు.

ప్రశ్న: మేం వెళ్ళిన టూర్‌లో పాత చెక్క విగ్రహాలన్నీ ఒక గదిలో నిలబెట్టి, వాటికి ఎర్ర లైట్లు పెట్టి, ఇవి శాపం ఉన్న భూతాలు అని చెప్పారు. అందరూ అరుస్తూ ఫోటోలు దిగారు. నాకెందుకో బాధేసింది. అవి ఎవరి దేవుళ్ళో కదా?
– ఒక పాఠకురాలు, వాషింగ్టన్

మీకు బాధేయడంలో ఏ తప్పూ లేదు. రెస్టారెంట్లలో కనిపించే విగ్రహాలు చాలావరకు గుడిలోంచి వచ్చినవి కావు. అమెరికాలోనే చెక్కించినవి ఎక్కువ. కాలిఫోర్నియాలోని విట్టియర్‌లో ఓషానిక్ ఆర్ట్స్ అనే సంస్థ 1956 నుంచి 2021 దాకా ఇదే పనిమీద ఉంది, ఎన్నో రెస్టారెంట్లకి విగ్రహాలు, దీపాలు, వెదురు పని అక్కడి నుంచే వెళ్ళాయి. చెక్కినవాళ్ళు మంచి పనివాళ్ళు, దాన్ని మెచ్చుకోవచ్చు.

కానీ ఆ రూపాలు న్యూజిలాండ్ మావోరీలవి, మార్కెసాస్ దీవుల వాళ్ళవి, హవాయి వాళ్ళవి. వాళ్ళకవి పూర్వీకులు, దేవతలు. హవాయిలో 1819లో పాత మతాచారాన్ని రద్దు చేసినప్పుడు గుళ్ళూ విగ్రహాలూ చాలావరకు ధ్వంసమయ్యాయి. కూ అనే దేవుడి పెద్ద గుడి విగ్రహాలు ప్రపంచం మొత్తం మీద మూడే మిగిలాయి, ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి మసాచుసెట్స్‌లోని పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో, ఒకటి హొనొలులూలోని బిషప్ మ్యూజియంలో. 2010లో ఆ మూడింటినీ హొనొలులూలో ఒకచోట చేర్చి ప్రదర్శించారు. అంత కోల్పోయినవాళ్ళ దేవుడి రూపాన్ని పట్టుకుని భూతం, శాపం అని అరిపించడం నాకు అస్సలు నచ్చదు. భయపెట్టడానికి చీకటి మెట్లు, కిర్రుమనే తలుపు, పైపుల్లో నీళ్ళ చప్పుడు చాలవా? టూర్ వాళ్ళకి ఈ మాట మర్యాదగా రాయండి. విగ్రహాలు ఏ దీవుల రూపాలో, ఇక్కడ ఎవరు చెక్కారో రెండు ముక్కలు చెప్పమనండి. అలా చెప్తే వచ్చినవాళ్ళు ఇంకా శ్రద్ధగా చూస్తారు.

ప్రశ్న: ఎనిమిదేళ్ళ బాబుని తీసుకెళ్ళొచ్చా? ఏం వేసుకుని వెళ్ళాలి?
– ఒక పాఠకురాలు, ఇల్లినాయి

చీకటంటే బాబుకి భయం లేకపోతే, టూర్ వాళ్ళ వయసు నిబంధన ఒప్పుకుంటే తీసుకెళ్ళండి. మామూలు పగటి టూర్ ఉంటే అదే ఎంచుకోండి, భయపెట్టే టూర్ వద్దు. కాళ్ళు పూర్తిగా కప్పే, జారని బూట్లు వెయ్యండి, నేల తడిగా, నూనె జిడ్డుగా ఉంటుంది. ఆస్తమా ఉంటే ఆ బూజు వాసనలోకి తీసుకెళ్ళకపోవడమే మంచిది. పైపులకి చుట్టిన తెల్లటి పాత పొరని ముట్టుకోవద్దని, గీకొద్దని మెట్లు దిగకముందే చెప్పండి, 1970ల ముందు వేసినవాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కదపనంత వరకు దానితో పెద్దగా ఇబ్బంది లేదు, పొడి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం. బాబు చేతికి ఒక చిన్న టార్చ్ ఇవ్వండి.